పదిహేడో నంబరు మడుగు

పోస్టోయ్నా దాటాక, హైవేకి ఎడమపక్క,
కంచె వెనక, ఏ బోర్డూ లేనిచోట
ఒక మడుగుంది.
నాలుగు పలకల సిమెంటు మడుగు. అందం సంగతి అడక్కండి.
మా రిజిస్టర్లో దాని పేరు పదిహేడు.

వాన పడ్డప్పుడు హైవే తలారా స్నానం చేస్తుంది.
ఆ స్నానం నీళ్లు మీరెప్పుడూ చూసుండరు.
అరిగిన టైర్ల నల్లపొడి, బ్రేకుల ఇనప రజను,
ట్రియెస్టె రేవునించి పరిగెత్తుకొచ్చే లారీల జిడ్డు చెమట,
జనవరిలో మంచు కరగాలని మేమే చల్లిన ఉప్పు
అన్నీ గొట్టంలోంచి జారి, ఇక్కడికొచ్చి
కాసేపు కూచుంటాయి.
బరువైంది అడుక్కి. జిడ్డుది పైకి.
నడుమ మిగిలిన నీటినే
కిందికి పోనివ్వాలి.

అడుగున పేరుకున్న బురదని పీల్చే లారీ నాది.
ఏడేళ్లుగా.
పెళ్లిళ్లలో ఎవరైనా ఏం చేస్తుంటావని అడిగితే
"రోడ్లశాఖ" అనేసి
వైను గ్లాసు వైపు చూసేవాణ్ణి.

మొదటిరోజే చెప్పాడు చిరిల్:
"ఇక్కడ నేల నేల కాదురా, జల్లెడ.
ఒట్టి సున్నపురాయి. పైన ఒలికింది పైన ఆగదు."
మా వైపు నదికే నిలకడ లేదు.
నడుస్తూ నడుస్తూ ఒక గుహ నోట్లోకి దిగిపోతుంది,
అవతలెక్కడో ఇంకో పేరు పెట్టుకుని లేస్తుంది.
ఆ నడిమి చీకట్లో ఒక ప్రాణి.
జానెడు పొడవు,
పసిబిడ్డ అరికాలి రంగు.
చూడ్డానికేమీ లేదని కళ్లమీద చర్మం కప్పేసుకుంది.
ఏళ్లకేళ్లు పస్తుంటుంది. నూరేళ్లదాకా బతుకుతుంది.
మనిషిచేప అంటాం మేం దాన్ని,
ఏ మనిషికీ ఆ ఓపిక లేకపోయినా.
"ఆకలికి ఓర్చుకుంటుంది గానీ,"
చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ అన్నాడు చిరిల్,
"డీజిలుకి ఓర్చుకోవడం దానికెవరూ నేర్పలేదు."

పోయిన నవంబర్లో, బుర్యా గాలి వీచిన రాత్రి
ఒక ట్యాంకరు పక్కకి తిరిగి పడుకుంది.
డ్రైవరు బతికాడు. గడ్డిలో కూచుని
ఫోన్లో ఎవరికో సెర్బియన్‌లో చెప్పుకుని ఏడుస్తున్నాడు.
అంబులెన్సు, పోలీసు, నీలి దీపాలు, అందరూ అతని చుట్టూ.
నేను మడుగు వైపు పరిగెత్తాను.
గేటు చక్రం తిరిగింది.
అక్టోబర్లో దానికి గ్రీజు రాశాను,
వానలో, చిరిల్‌ని తిట్టుకుంటూ.
ఇరవైరెండు చుట్లు.
లెక్క ఎందుకు గుర్తుందంటే
పదమూడో చుట్టు దగ్గర వాసనొచ్చింది.
మిగిలిన తొమ్మిదీ
ఊపిరి తీసుకోకుండా తిప్పాను.

మర్నాడు పేపర్లో ట్రాఫిక్ జామ్ గురించి రాశారు.
ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు,
ఎవరి విమానం తప్పిపోయింది.

ఏప్రిల్లో నీళ్ల పరీక్ష చేసే ద్రాగిత్సాతో
నన్నూ గుహలోకి తీసుకెళ్లాడు చిరిల్.
తాళ్లు, రబ్బరు బూట్లు, కంపుకొట్టే హెల్మెట్లు.
అట్టడుగుకి చేరాక ఆమె సీసాలు నింపుకుంది,
తర్వాత దీపాలు ఆర్పేయమంది.
నేనేమీ చూడలేదు. అబద్ధం ఎందుకు చెప్పాలి?
ఆ జానెడు ప్రాణి అక్కడే ఉందో,
మా చప్పుడికి రాతి సందులోకి జరిగిందో.
పైన ఎక్కడో, చాలా పైన,
నా రోడ్డు వెళ్తోంది.
ఒక చుక్క కప్పునించి జారి నా మెడమీద పడింది.
వేలితో తీసి నాలిక్కి రాసుకున్నాను.
ఏ రుచీ లేదు.
చీకట్లో ఎవరికీ కనపడకుండా
ఇంకో చుక్క కోసం మెడ చాపాను.

ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది.
కారు దిగి, వంగి, కిందికి చూశాను.
ఇంజన్ కింద కంకర మీద
అరచేయంత నల్లమరక.
ఎన్నాళ్లనించి ఉందో.
వంటింట్లోంచి పాత కేకు పళ్లెం తెచ్చి
కారు కింద పెట్టాను.
"పిల్లికా?" అంది కిటికీలోంచి రొమానా.
ఏమని చెప్పను?
"ఆఁ," అన్నాను,
"కళ్లులేని పిల్లికి."